పదకొండు మందిమి ఒకే దొంగపేరుతో అర్జీ పెడితే నిలుస్తుందా?

హనుమకొండ కెమిస్ట్రీ:

అందరికీ నమస్తే. హనుమకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. కాలేజీ పేరు అడగొద్దు, చెప్పను. మూడు నెలలుగా జీతాల్లేవు. అదొక్కటే అయితే ఇక్కడిదాకా వచ్చేవాణ్ని కాదు. చేరిన రోజే మా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ, టెన్త్ మెమో నుంచి పీజీ పట్టా దాకా, తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టేశారు. ఇంకోచోట ఇంటర్వ్యూకి పోదామన్నా జిరాక్సులు పట్టుకుని పోవాలి. అకౌంటెంట్‌ని అడిగితే "సార్ ఊర్లో లేరు" అంటాడు. సార్ కారు కిందనే ఉంటుంది.

మేం పదకొండు మందిమి. ఎవరు ముందు నోరు విప్పితే వాళ్ల పని అయిపోతుంది. పోయినేడు ఒక ఇంగ్లీష్ మేడం మీటింగ్‌లో లేచి జీతం సంగతి అడిగింది. తీసేస్తున్నామని ఆమెకి ఎవరూ చెప్పలేదు. మర్నాడు టైంటేబుల్ కొత్తది ప్రింట్ తీసి పాతదాని మీదే అతికించారు. అందులో ఆమె పేరు లేదు, అంతే.

మొన్న ఆదివారం భద్రకాళి బండ్ మీద కూర్చున్నాం. మా ఫిజిక్స్ సార్ ఒక ఉపాయం చెప్పాడు. అందరం ఒకే పేరు పెట్టుకుందాం, రామప్ప అని. పాలంపేట గుడి కట్టించింది రేచర్ల రుద్రుడు, 1213లో. నిలిచిన పేరు మాత్రం శిల్పిదని చెప్పుకుంటారు. ఆ ఒక్క పేరు వెనక ఎన్ని ఉలులు ఆడాయో లెక్కుందా, మనదీ అంతే అన్నాడు. మాట అందరికీ నచ్చింది. ఆ రాత్రే నా ఫోన్‌లో రామప్ప పేరుతో జీమెయిల్ ఐడీ చేసి, పాస్‌వర్డ్ అందరికీ పంచాను. ఎవరికి ఏ సంగతి తెలిస్తే వాళ్లు అందులోంచి రాయాలి. మేనేజ్‌మెంట్‌కి, పైఅధికారులకి, పేపర్ల వాళ్లకి.

నాకు తెలియాల్సింది ఒకటే. ఇట్లా ఒక పేరును పదిమంది కప్పుకున్నది ఎక్కడైనా నడిచిందా? చివరికి వాళ్లేమయ్యారు? మొదటి మెయిల్ ఇంకా పంపలేదు, డ్రాఫ్ట్‌లో ఉంది.


నర్సంపేట బుల్లెట్:

దమ్ముంటే సొంత పేరుతో అడగాలి బ్రో. ముసుగేసుకుని రాసేదానికి విలువేముంటది?


హనుమకొండ కెమిస్ట్రీ:

సొంత పేరుతో అడిగిన మేడం ఇప్పుడు ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంటోంది బ్రో.


కాజీపేట సార్టర్:

బిడ్డా, ఆ డ్రాఫ్ట్ అట్లనే ఉండనీ. ముందు నా కథ విను.

నేను ఆర్‌.ఎం.ఎస్‌.లో ముప్పై ఏడేండ్లు చేసి రిటైరయ్యాను. రైలు టపా పని. సంచులు విప్పి, ఉత్తరాలు ఊర్లవారీగా గళ్లలో వేయడం. నువ్వు రామప్ప అంటున్నావు, మా కాలంలో ఆయన పేరు ఆకాశరామన్న. తెలుగువాళ్లందరికీ ఉమ్మడి ఆస్తి ఆ పేరు. ఇల్లు లేదు, ఇంటిపేరు లేదు, ఏ ఊర్లో చూసినా ఉంటాడు. కొందరు ఆకాశరామన్నలు స్టాంపు కూడా అంటించేవాళ్లు కాదు. బేరింగ్ ఉత్తరానికి తక్కువపడ్డ దానికి రెట్టింపు, అందుకునేవాడే కట్టాలి. తిట్లు తినేది వాడే, పైసలిచ్చేదీ వాడే.

ఉద్యోగంలో చేరిన మరుసటేడు, 1987లో, నేనూ ఒకసారి ఆకాశరామన్ననయ్యాను. మా ఊర్లో ఒక సొసైటీ ఉండేది. నాట్ల కాలంలో యూరియా లేదని బోర్డు పెట్టి, రాత్రిపూట ట్రాక్టర్‌లో బస్తాలు బయటికి పంపేవాళ్లు. మా బాపు రెండు రోజులు లైన్‌లో నిలబడి ఉత్త చేతులతో వచ్చాడు. నాకు కడుపు మండింది. హనుమకొండలో ఉన్న పెద్ద అధికారికి ఉత్తరం రాశాను. నా చేతిరాత పట్టుకుంటారని లోపలి కాగితం మొత్తం ఎడమ చేత్తో రాశాను, రెండు రాత్రులు పట్టింది. మా ఊరి డబ్బాలో వేస్తే మా ఊరి ముద్ర పడుతుంది కదా, అందుకని కాజీపేటలో రైలు మెయిల్ వ్యాన్‌కి ఉండే డబ్బాలో వేశాను. దాని మీద ఊరి ముద్ర పడదు, ఆ బండి సెక్షన్ ముద్ర పడుతుంది. ఆ సంగతి బయటివాళ్లలో చాలామందికి తెలియదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పది పదిహేను రోజులకు ఆ ఉత్తరం ఎక్కడికొచ్చిందో తెలుసా? మా ఊరికే. "దీనికి మీ సంజాయిషీ పంపండి" అని మీద ఒక ముక్క రాసి, కవరుతో సహా గుండుసూది గుచ్చి, ఎవరి మీద రాశానో ఆ సెక్రెటరీకే పంపారు. ఆయన ఒకనాడు పొద్దున మా ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చుని చాయ్ తాగాడు, వానల సంగతి మాట్లాడాడు. లేచి పోతూ మా బాపుతో, "కవరు మీద పిన్‌కోడ్ రాసి కింద గీత గీసేటోళ్లు మన ఊర్లో ఇద్దరే ఉన్నరు. ఒకరు పోస్టుమాస్టరు, ఇంకొకరు నీ కొడుకు. పోస్టుమాస్టరు నాకు వియ్యంకుడు" అన్నాడు.

లోపలి కాగితం ఎడమ చేత్తో రాసేసరికి చెయ్యి గుంజి, అడ్రసు మాత్రం కుడిచేత్తో రాశాను. 506001 అని రాసి, అలవాటులో కింద గీత గీశాను. రోజూ వేల కవర్లు చూసే చెయ్యి, దానికేం తెలుసు నేను దాక్కుంటున్నానని.

అసలు దెబ్బ అది కాదు. రెండు నెలలకు ఆ సెక్రెటరీ బిడ్డకు పరకాల దిక్కు నుంచి సంబంధం వచ్చింది. మగపెండ్లివాళ్లకు ఒక ఉత్తరం పోయింది, ఆ పిల్ల గురించి రాయరాని రాతలతో. కింద సంతకం ఆకాశరామన్న. సంబంధం చెడింది. అది నేను రాయలేదు. ఎవరు రాశారో ఈరోజుకీ బయటపడలేదు. అప్పటికి ఊర్లో ఆకాశరామన్న అంటే నేనే అని ఖాయమైపోయింది. "ఇది నాది కాదు" అందామంటే, మొదటిది నాదేనని ఒప్పుకున్నట్టు. బాపు ఒకసారి అడిగాడు, "గది గూడ నువ్వేనారా?" అని. కాదన్నాను. నమ్మాడో లేదో, మళ్లీ ఆ మాటెత్తలేదు. ఆమెకి తర్వాత మంచి చోటనే పెండ్లయింది, కరీంనగర్‌లో ఉంటుంది, మనుమలను ఎత్తింది. ఏ పెండ్లిలోనైనా ఎదురుపడితే నన్ను చూసి మొహం తిప్పుకుంటుంది.

ఇప్పుడు చెప్పు బిడ్డా. పదకొండు మంది దగ్గర పాస్‌వర్డ్ ఉందన్నావు. అందులో ఒకడు డైరెక్టర్ ఇంటి ఆడవాళ్ల గురించి ఒక మెయిల్ కొడితే, అది రామప్ప రాయలేదని ఎట్ల చెప్తావు?


జనగామ లెక్కలు:

కాకా, మీ కథ చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

ఉమ్మడి పేరు తొంభై ఏళ్లుగా నడుస్తున్న చోటు ఒకటుంది, మా లెక్కల్లోనే. నికొలా బూర్బకి అని ఫ్రెంచి గణితవేత్త. లావుపాటి పుస్తకాలు వరసగా రాశాడు. అట్లాంటి మనిషే లేడు. 1934 డిసెంబర్‌లో పారిస్‌లో ఒక కెఫేలో కూర్చుని ఆంద్రే వెయ్, అన్రీ కార్తాన్ లాంటి కుర్ర లెక్చరర్లు మొదలుపెట్టిన గుంపు అది. పేరు పాతకాలపు ఫ్రెంచి సైన్యాధికారిది.

మనకు దగ్గరి ముచ్చట ఒకటి. ఈ వెయ్ అంతకు ముందు, 1930 నుంచి 1932 దాకా, మన అలీగఢ్‌లో ప్రొఫెసర్. అప్పుడు అక్కడే ఉన్న డి.డి. కోశాంబి 1931లో ఒక వ్యాసం అచ్చేయించాడు. అందులో బూర్బకి అనే రష్యన్ గణితవేత్త సిద్ధాంతం అంటూ లేని మనిషిని దించాడు. అంటే ఆ పేరుతో అచ్చులో కొంటెపని మొదట చేసింది మన గడ్డ మీదే.

మీకు పనికొచ్చేది వాళ్ల పద్ధతి. పేరు అందరిదీ, కానీ ఎవరికి వాళ్లు రాసి పంపడానికి లేదు. ఒకరు రాసుకొస్తే మిగతావాళ్ల ముందు పైకి చదవాలి, వాక్యం వాక్యం. ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. అరుపులు, కొట్లాటలు, మళ్లీ రాయడాలు. ఒక్కో పుస్తకానికి ఏళ్లు పట్టేవి. యాభై ఏళ్లు నిండితే గుంపులోంచి తప్పుకోవాలి. ఆకాశరామన్నకు లేనిది అదే, వాకిట్లో కాపలా. కాకా ఊర్లో ఎవడు పడితే వాడు ఆకాశరామన్న కాగలిగాడు. ఎవడు పడితే వాడు బూర్బకి కాలేడు.

అమెరికాలో రాల్ఫ్ బోయాస్ అనే గణితవేత్త, బూర్బకి అంటే మనిషి కాదు, గుంపు అని ఒక ఎన్‌సైక్లోపీడియా వార్షిక సంచికలో రాశాడు. బూర్బకికి కోపమొచ్చింది. అసలు బోయాస్ అనేవాడే లేడు, అది కొందరు ఎడిటర్ల ఉమ్మడి పేరు అని తిరిగి పుకారు పుట్టించారు. ఇది చెప్తే మా టెన్త్ పిల్లలు పడీపడీ నవ్వుతారు, లెక్క మాత్రం చెయ్యరు.


పంతులుగారి మనవరాలు:

ఆకాశరామన్న దాకా ఎందుకు, మన వేమన చాలడా. మూడు పాదాలు కట్టి, నాలుగోది "విశ్వదాభిరామ వినురవేమ" అంటే చాలు, పద్యం వేమనదైపోయేది. బ్రౌను దొర తాళపత్రాలు పోగేసి 1829లో అచ్చు వేయించేనాటికే ఏది ఆయనది, ఏది తర్వాతి వాళ్లదని తేల్చడం కష్టమైంది. పంతుళ్లను, రాళ్లకు మొక్కేవాళ్లను ఏకిపారేయాలంటే ఊర్లో ఉండేవాడికి అంతకన్నా మంచి గొడుగు ఏముంది? మా తాత కూడా రెండు కట్టాడని మా అమ్మమ్మ అనేది. ఏవో చెప్పమంటే నవ్వేది.


కొత్తవాడ పడుగుపేక:

మాది కొత్తవాడ. జంపఖానాలు నేసే ఇల్లు. మా తాత ఆజంజాహి మిల్లులో చేసి వచ్చి, రాత్రి మళ్లీ ఇంట్లో మగ్గం మీద కూర్చునేవాడు. 2018లో మన జంపఖానాలకు జీఐ ట్యాగ్ వచ్చింది. కూలి సంగతి అడగకండి.

ఎవరూ లడ్ పేరు ఎత్తలేదు, అందుకే రాస్తున్నా. 1811లో ఇంగ్లండులో నాటింగ్‌హాం దిక్కు మేజోళ్లు అల్లేవాళ్లు సేట్ల మగ్గాలు పగలగొట్టడం షురూ చేశారు. వాళ్ల ఉత్తరాల కింద నెడ్ లడ్ అనో, జనరల్ లడ్ అనో సంతకం ఉండేది. అట్లాంటి జనరల్ ఎవడూ లేడు. ఒక ఉత్తరం మీద అడ్రసు "నెడ్ లడ్ ఆఫీసు, షెర్వుడ్ అడవి". మన ఆకాశరామన్నకు అడ్రసన్నా లేదు, వీడికి ఏకంగా ఆఫీసుంది!

మెషిన్లంటే పడని మొండోళ్లు అని వాళ్లను తీసిపారేస్తారు కానీ అది తప్పు. ఆ మగ్గాల మీదనే వాళ్లు తరాలుగా బతికారు. కోపం ఎందుకంటే, వెడల్పు బట్ట అల్లేసి, ముక్కలు కోసి, కుట్టి మేజోళ్లని అమ్మేవాళ్లు. నాలుగు రోజులకే కుట్లు ఊడేవి. సరుకు పేరు పోయింది, కూలి తగ్గింది. ఇది మా వాడలో ఎవరికైనా ఒక్క ముక్కలో అర్థమవుతుంది. పేక గట్టిగా కొట్టకుండా పల్చగా నేసి, కొలత చూపించి అమ్మే సరుకు మా దగ్గరా వచ్చింది. దాని పక్కన మా నాన్న నేసింది పెడితే కొనేవాడు ధరే చూస్తాడు, పట్టుకుని చూడడు.

ఆ పేరు నాటింగ్‌హాం నుంచి యార్క్‌షైర్‌కు, లాంకషైర్‌కు పాకింది. ఒకరినొకరు ఎన్నడూ చూడనివాళ్లంతా లడ్డే. దాదాపు పన్నెండు వేల మంది సైన్యాన్ని దించాల్సి వచ్చింది. 1812లో మగ్గం పగలగొడితే ఉరి అని చట్టం తెచ్చారు. ప్రభువుల సభలో దానికి అడ్డం మాట్లాడిన కొద్దిమందిలో కవి బైరన్ ఒకడు. మరుసటేడు జనవరిలో యార్క్‌లో పదిహేడు మందిని ఉరి తీశారు. లడ్‌కి ఉరి పడలేదు. ఆ పదిహేడు మందీ వాళ్ల సొంత పేర్లతోనే కోర్టు బోను ఎక్కారు.

మీకు ఇది భయపెట్టడానికి కాదు అన్నా. పేరు అందరిదైనా పట్టుకుంటే ఒక్కొక్కరినే పట్టుకుంటారు, అంతవరకు యాదిలో పెట్టుకోండి.


హనుమకొండ కెమిస్ట్రీ:

పొద్దున్నుంచి మూడుసార్లు చదివాను. కాకా అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఒక సంగతి చెప్తా, సిగ్గుగానే ఉంది. ఇది చదివాక రామప్ప ఐడీ తెరిచి చూశాను. డ్రాఫ్టుల్లో నాది ఒకటుండాలి, నాలుగున్నాయి. ఒకదాంట్లో వైస్ ప్రిన్సిపాల్ ఎవరితో తిరుగుతున్నాడో రాసి ఉంది. ఎవరు రాశారని గ్రూపులో అడిగాను. అందరికీ నీలం టిక్కులు పడ్డాయి. ఒక్కరూ పలకలేదు.


అదాలత్ గుమాస్తా:

ఇరవై రెండేళ్లుగా ఒక వకీలు దగ్గర గుమాస్తాని. వకీలును కాదు, కాబట్టి ఇది సలహా మాత్రమే.

మొదటిది, ఆ ఐడీ మీ ఫోన్‌లో చేశారు. రికవరీ నంబరు ఎవరిది? మీదే. అంటే రామప్ప తలుపుకు మీ ఇంటిపేరు బోర్డు తగిలించి ఉంది. ఫైలు ఏదైనా కాలేజీ ల్యాబ్ కంప్యూటర్‌లో టైపు చేస్తే దాని ప్రాపర్టీస్‌లో ఏ యూజర్ పేరుతో, ఎప్పుడు చేశారో కూర్చుంటుంది. కాకా పిన్‌కోడ్ గీతకు ఇప్పటి రూపం అదే.

రెండు, బెదిరింపు అన్న మాట ఎక్కడా రానీయొద్దు. "సంగతి బయటపెడతాం, చూసుకోండి" లాంటివి కూడా. పేరు దాచుకుని బెదిరిస్తే మామూలు శిక్షకు తోడు ఇంకో రెండేళ్ల దాకా పడొచ్చు, భారతీయ న్యాయ సంహితలో 351వ సెక్షన్. ఆ వైస్ ప్రిన్సిపాల్ డ్రాఫ్ట్ ఈ క్షణమే తీసేయండి.

మూడు, పేరులేని అర్జీలు, దొంగపేరు అర్జీలు పట్టించుకోవద్దని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999 జూన్ 29న ఆదేశమిచ్చింది. అది కేంద్ర సర్కారు ఆఫీసుల సంగతే అనుకోండి. కానీ ఏ ఆఫీసులోనైనా గుమాస్తాకి పని తప్పించుకునే దారి కనిపిస్తే వదలడు. నేను గుమాస్తానే, నన్నడగండి. లేదంటే కాకా ఉత్తరంలాగా మీ డైరెక్టర్‌కే సంజాయిషీ కోసం పంపుతారు. లేబర్ కోర్టు అని ఎవరైనా చెప్తే, టీచర్లు "వర్క్‌మన్", అంటే చట్టం చెప్పే కార్మికుడి కిందికి రారని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చింది. ఆ దారిలో తిరిగి చెప్పులు అరగదీసుకోవద్దు.

నాలుగు, అసలు మాట. మీకు కావల్సింది జీతం, సర్టిఫికెట్లు. జీతం రామప్ప అకౌంట్‌లో పడదు. బీరువాలో రామప్ప సర్టిఫికెట్ లేదు. ఏదో ఒకరోజు పదకొండు పేర్లు బయటికి రావాల్సిందే. మీ భయం పేరు బయటపడుతుందని కాదు, మొదటి పేరు మీదవుతుందని. దానికి పాత మందు ఉంది. ఇంగ్లీషు ఓడల్లో నావికులు కెప్టెన్ మీద అర్జీ పెట్టేటప్పుడు సంతకాలు వరసలో కాకుండా గుండ్రంగా పెట్టేవాళ్లు. ఎవడు మొదట పెట్టాడో తెలియకుండా. ఇంగ్లీషు నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్ అంతటివాడికి ఒక మాట చెప్పడానికి భయపడి ఆయన స్నేహితులే 1776లో అట్లా గుండ్రంగా సంతకాలు పెట్టి పంపారు. మీరూ అట్లా చేయండి. పైన మూడే లైన్లు రాయండి: ఎన్ని నెలల జీతం, ఏ సర్టిఫికెట్లు, ఏ తారీఖులోగా. విశేషణాలు వద్దు. అందుకున్నట్టు ఒక కాపీ మీద సంతకం తీసుకోండి.


కాజీపేట సార్టర్:

గుమాస్తా సాబ్ మంచి మాట చెప్పిండు. నాకీ ఉపాయం ముప్పై ఎనిమిదేండ్ల కిందట ఎవరన్నా చెప్పి ఉంటే ఊర్లో నాతో కలిసి సంతకం పెట్టేటోళ్లు పదిమంది దొరికేటోళ్లు. లైన్‌లో మా బాపు వెనక నలభై మంది ఉండిరి.


హనుమకొండ కెమిస్ట్రీ:

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నా. రామప్ప ఐడీ తీసేశాం. డ్రాఫ్టులు ఎవరివో అడగడం మానేశాను.

ఒక తెల్ల కాగితం మధ్యలో మా బోటనీ మేడం టిఫిన్ డబ్బా మూత పెట్టి పెన్సిల్‌తో గుండ్రంగా గీశాం. మూతకి పులిహోర నూనె అంటుకుని ఒక పక్క మరక పడింది, కాగితం మార్చలేదు. తొమ్మిది మంది సంతకాలు పెట్టారు. ఇద్దరు రెండ్రోజులు టైం అడిగారు. వాళ్లకోసం గీత మీద జాగా ఖాళీగా వదిలేసి పోయాం. డైరెక్టర్ గారు కాగితాన్ని స్టీరింగ్ లాగా రెండుసార్లు తిప్పి చూసి, "మొదలెక్కడ దీనికి?" అన్నారు. ఫిజిక్స్ సార్ "మీరు ఎటు పట్టుకుంటే అటు సార్" అన్నాడు. నాకైతే అక్కడే కాళ్లు వణికాయి.

ఒక నెల జీతం పడింది. సర్టిఫికెట్లు నలుగురికి ఇచ్చారు, నాది అందులో లేదు, సోమవారం రమ్మన్నారు. టైంటేబుల్ ఇంకా పాతదే ఉంది, రోజూ పొద్దున ముందు అదే చూస్తున్నా. ఆ ఇద్దరూ నిన్న వచ్చి, మా జాగా ఉందా అని అడిగారు. అసలు కాగితం డైరెక్టర్ సొరుగులో ఉంది. జిరాక్స్ మీద పెడతామంటున్నారు.


కాజీపేట సార్టర్:

సంతోషం బిడ్డా. కవరు మీద అడ్రసు ఎవరు రాశారు?


హనుమకొండ కెమిస్ట్రీ:

కవరే లేదు కాకా. తొమ్మిది మందిమి పోయి చేతికే ఇచ్చాం.